స్టేషన్ లేని దేశంలో ఇరవై మూడు పొట్లాలు

మా లేబర్ క్యాంపులో ఎవరు ఊరికి పోతున్నా ముందు నా దగ్గరికే వస్తారు. మంచి రోజు చూడమని కాదు. రువి బస్టాండు చుట్టుపక్కల ఏ దుకాణంలో ఏం కొనాలో అడగడానికి. ఒమాన్ వచ్చి, ఈ మస్కట్‌లో డ్రైవర్‌గా చేరి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో కంపెనీ నాకు ప్రమోషన్ ఇవ్వలేదు గానీ, ఈ ఒక్క సంగతిలో మాత్రం ఘాలా క్యాంపు మొత్తం మీద నా మాటకు తిరుగులేదు. దుప్పట్లు బస్టాండు వెనక సందులో కొనాలి. పులి బొమ్మ బామ్, గొడ్డలి బొమ్మ నూనె మందుల షాపులో కాదు, కిరాణా దుకాణంలో డజన్ల లెక్కన తీసుకోవాలి. సెంటు సీసా మూత తీసి వాసన చూడకూడదు, చూస్తే కొనబుద్ధి కాదు. నారింజ పొడి ప్యాకెట్లు అన్నిటికన్నా చివర కొనాలి. సంచిలో ఎక్కడ సందు మిగిలితే అక్కడ దూరేవి అవే.

ఇవన్నీ ఇప్పుడు నిజామాబాద్‌లోనే దొరుకుతాయి. ఆ సంగతి కొనేవాళ్ళకూ తెలుసు, తీసుకునేవాళ్ళకూ తెలుసు. అయినా ఉత్త చేతులతో పోలేము. కరోనా ఏడాది నన్ను ఒక్క సంచితో విమానం ఎక్కించి పంపారు. దుకాణాలన్నీ బంద్. మా వీధిలో నడిచి వస్తుంటే ఎవరూ నా ముఖం చూడలేదు, అందరూ నా చేతులే చూశారు. బతికి వచ్చావా అని అడిగారు, నిజమే. అడుగుతూ కూడా సంచి వైపే చూశారు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అందుకే ఊరికి పోవడానికి మూడు నెలల ముందే ఎవరెవరికి కొనాలో కాగితం రాస్తాను. ఇప్పుడు చెప్పబోయే ఏడాది నా కాగితం మీద ముప్పై ఒక్క పేర్లు ఉన్నాయి. చిన్న బావమరిదితో మొదలై, మా ఆవిడ చుట్టిన బీడీలు తీసుకునే కార్ఖానా టేకేదారుతో ముగుస్తుంది. కొనేది నేను, పంచేది మా ఆవిడ. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఎవరిది వాళ్ళకు అందిస్తుంది. కాగితం చూడదు. ఎవరికి ఏమిస్తే ఎవరు మూతి ముడుచుకుంటారో ఆమెకు బాగా తెలుసు.

ఆ చలికాలంలో సోహార్‌లో ఒక ప్లాంటుకు కొత్త మిషన్ వచ్చింది. దాన్ని బిగించడానికి జపాన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాతో ఉన్నాడు. రెండు నెలలు ఆయనకు కారు నడపమని కంపెనీ నాకు డ్యూటీ వేసింది. ఎయిర్‌పోర్టులో కలిసినప్పుడు నాకు వంగి నమస్కారం చేసి, రెండు చేతులతో ఒక బిస్కట్టు ఇచ్చాడు. ఒక్కటే బిస్కట్టు. కవరు మీద పెద్ద గడియారం ఉన్న భవనం బొమ్మ ఉంది. రెండు చేతులతో ఒక్క బిస్కట్టు ఇచ్చే మనిషిని అదే మొదటిసారి చూడటం. పిసినారి అనుకున్నాను. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు తిన్నాను. బాగానే ఉంది.

ఇంగ్లీషు ఆయనకూ నాకు వచ్చినంతే వచ్చు. అందుకని మా ఇద్దరి మధ్య ఆయన ఫోన్ మాట్లాడేది. ఆయన తన భాషలో చెబితే అది ఆడగొంతుతో, వార్తలు చదివినట్టు తెలుగులో చదివేది. నేను మా నిజామాబాద్ మాటల్లో జవాబిస్తే దానికి ముక్క అర్థమయ్యేది కాదు. చిన్నప్పుడు సారు బెత్తం పట్టుకుని ఎంత చెప్పినా పుస్తకం భాష నాకు రాలేదు. నలభై మూడేళ్ళ వయసులో ఆ ఫోన్ కోసం నేర్చుకున్నాను.

మిషన్ బిగించడం అయిపోయింది. శుక్రవారం సాయంత్రం ఆయనకు విమానం. గురువారం మధ్యాహ్నం సోహార్‌లో బయలుదేరి మస్కట్ వస్తుంటే దారిలో ఫోన్ నోటి ముందు పెట్టుకుని ఏదో అన్నాడు. ఫోన్ చదివింది.

"రద్దీగా ఉండే రైల్వే స్టేషను సమీపంలో జ్ఞాపికలు ఎక్కడ కొనవచ్చును?"

"ఈ దేశంలో మనుషులెక్కే రైలు లేదు" అని పుస్తకం తెలుగులోనే చెప్పాను.

ఆయన కాసేపు కిటికీలోంచి కొండలు చూశాడు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆయన ముఖంలో కంగారు చూడలేదు. మిషన్ రెండుసార్లు ఆగిపోయినప్పుడు కూడా టీ తాగుతూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు మాత్రం రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. ఫోన్ ద్వారా తెలిసిందేమిటంటే, వాళ్ళ దగ్గర ఎవరు ఏ ఊరు పోయినా తిరిగి వచ్చేటప్పుడు ఆ ఊరి స్టేషన్‌లో మిఠాయి పెట్టె కొంటారు. లోపల ఒక్కొక్కటీ విడిగా చుట్టి ఉంటుంది. మీద ఆ ఊరి పేరు ఉంటుంది. ఆఫీసులో ఒక్కొక్కరి బల్ల మీద ఒక్కొక్కటి పెడతారు. నాకు ఇచ్చిన బిస్కట్టు అలాంటిదే, గడియారం ఉన్న భవనం వాళ్ళ ఊరి స్టేషన్. ఆయన ఆఫీసులో ఇరవై ముగ్గురు ఉన్నారు. సోమవారం ఆయన ఆఫీసుకు వెళ్ళాలి. ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు కాబట్టి ఇదే ఆఖరి ప్రయాణం.

"ముప్పై సంవత్సరములలో నేను ఖాళీ చేతులతో ప్రవేశించలేదు" అంది ఫోన్.

ఆ మాట విన్నాక ఆయన నాకు సారులా కాదు, మా వీధి మనిషిలా కనబడ్డాడు. పిసినారి అనుకున్నందుకు మనసులోనే చెంపలేసుకున్నాను. బండి నేరుగా రువి బస్టాండుకు తిప్పాను. రైలు లేకపోతేనేం, జనం మాత్రం స్టేషన్‌కు తక్కువేం కాదు. పైగా అది నా ఇలాకా.

నా ఇలాకాలో నా పరువు గంటలో పోయింది. మొదట దుప్పట్ల సందు చూపించాను. ఇరవై మూడు దుప్పట్లు ఎలా తీసుకెళ్ళాలి అన్నట్టు చూశాడు. బామ్ సీసాలు చూపించాను. అడుగు తిప్పి చదివి, సీసాను దాని స్థానంలో, ముందు ఎటు తిరిగి ఉందో అటే పెట్టాడు. చివరికి బొమ్మల దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడ పనిచేసేది కడప అతను, నాకు పాత పరిచయం.

"ఏం న్నా, ఈసారి ఎవురికి?"

"ఈ సారుకు. ఇర్వై మూడు గావాలె. ఒమాన్‌దే ఉండాలె."

అతను బల్ల మీద ఒంటెలు, ఫ్రిజ్‌కు అంటించే చిన్న బాకులు, సాంబ్రాణి పొగ వేసుకునే పాత్రలు పరిచాడు. ఇంజనీరు ఒక్కొక్కటే తీసి అడుగు తిప్పి చూశాడు. ఒంటెలు చైనావి. పొగ పాత్రలు మన దేశానివే. బాకుల మీద ఏమీ రాసి లేదు, అది ఇంకా అనుమానం. ఒక కాఫీ ఫ్లాస్కు బాగా నచ్చింది. తిప్పి చూస్తే దాని అడుగున ఆయన దేశం పేరే ఉంది. దాన్ని మరింత మర్యాదగా కింద పెట్టాడు.

"ఒమాన్‌ది ఒమాన్‌లోనే చేసిండాలంటే యాడ తెచ్చేది న్నా? నన్నే కడపలో చేసినారు" అన్నాడు కడప అతను. "హల్వా తీస్కపోండి. అది మాత్రం ఈడిదే."

అదీ నా నోటి నుంచి రావలసిన మాట. రాలేదు. పదకొండేళ్ళుగా ఊరికి సామాను మోస్తూ ఈ దేశంలో ఏం తయారవుతుందో ఒక్కసారి కూడా చూడలేదు. మా వీధిలో ఎవరూ అది అడగలేదు.

హల్వా దుకాణం రెండు వీధుల అవతల ఉంది. నెయ్యి, కుంకుమపువ్వు, యాలకుల వాసన గుమ్మం దాకా వచ్చింది. దుకాణం ముసలాయన చిన్న చెంచాతో ఇద్దరికీ రుచి చూపించాడు. ఇంజనీరు కళ్ళు మూసుకుని తిని, తెరిచి, రెండు కిలోలు తీసుకున్నాడు. పెద్ద ప్లాస్టిక్ గిన్నెలో పోసి ఇచ్చారు. కారులో కూర్చున్నాక గిన్నె మూత తీసి చూశాడు. గోధుమరంగు ముద్ద. ఇరవై మూడు బల్లల మీద దీన్ని ఎలా పెట్టాలి? గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని అలా చూడలేకపోయాను.

"రేపు పొద్దున మా రూమ్‌కు రండి" అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణంలో నాకే తెలియదు.

హోటల్ దగ్గర దింపి ఘాలాకు వస్తుంటే తెలిసింది. మా రూమ్‌లో ఆరుగురం. అందరం నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళం. మా అందరి ఇళ్ళల్లో బీడీలే చుడతారు. బడి నుంచి రాగానే అమ్మ పక్కన కూర్చుని బీడీ మూతులు ఒత్తి పెరిగినవాళ్ళం. ఒక్కొక్కటీ విడిగా చుట్టి కట్ట కట్టడం మాకు చెప్పాలా?

శుక్రవారం సెలవు, మా రూమ్‌లో బిర్యానీ వండుకునే రోజు. ఆయన తొమ్మిదింటికే వచ్చాడు. గుమ్మం బయటే బూట్లు విప్పి, ముందు వైపు బయటికి తిప్పి పెట్టాడు. మావాళ్ళు చెల్లాచెదురుగా ఉన్న తమ చెప్పులు చూసుకుని ఒక్కొక్కరే వెళ్ళి సర్దుకు వచ్చారు. ఆయనను కింది మంచం మీద కూర్చోబెట్టి మేము నేల మీద పేపర్లు పరుచుకుని కూర్చున్నాం. బటర్ పేపర్ రోల్ తెచ్చి, రేకు డబ్బా మూతను కొలతగా పెట్టి, బీడీలకు తునికాకు కత్తిరించినట్టే ముక్కలు కత్తిరించాం. ఒకరు హల్వా పెట్టాలి, ఒకరు చుట్టాలి, ఒకరు మూతి ఒత్తాలి, ఒకరు దారం కట్టాలి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నా పక్క మంచం బావ, క్రేన్ దగ్గర పని, యాభై దాటినవాడు. అతను నాలుగు చుట్టేలోపు మేము ఒకటి చుట్టలేకపోయాం. మూతులు ఒత్తే పని నాకు పడింది. నేను చిన్నప్పుడు కూడా ఆ పని సరిగ్గా చేయలేదు.

ఇంజనీరు మంచం అంచుకు జరిగి మా చేతులే చూశాడు. కాసేపటికి కిందికి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని దారం ముక్కలు కత్తిరించి ఇవ్వడం మొదలుపెట్టాడు. ప్రతి ముక్కా ఒకే పొడవు. మాకే సిగ్గేసింది.

ఇంక ఊరి పేరు. పొట్లం మీద ఒమాన్ అని ఉండాలి కదా. రూమ్‌లో స్టోర్ కీపర్ ఒకడున్నాడు. ఎవరినీ నమ్మక కంపెనీ స్టాంపు జేబులోనే పెట్టుకు తిరుగుతాడు. దాని మీద మస్కట్, ఒమాన్ అని ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంటుంది. కింద "సరుకు మంచి స్థితిలో అందింది" అని కూడా ఉంటుంది. సిమెంటు బస్తాల కాగితాల మీద వేసే స్టాంపు అది. తెల్ల కాగితం ముక్కల మీద వేసి పొట్లాలకు అంటించాం. ఇంజనీరు చదివి చాలాసేపు తల ఊపాడు. చాలా సంతోషించాడనే అనుకుంటున్నాను.

పన్నెండు కాకముందే పని అయిపోయింది. ఆయన సంచిలో సర్దుకుంటూ లెక్కపెట్టాడు. ఆగి, అన్నీ బయటికి తీసి, మళ్ళీ లెక్కపెట్టాడు. ఆయన ముఖంలోకి నిన్నటి కంగారు వచ్చింది. ఫోన్ తీశాడు.

"క్షమించండి. ఇవి ఇరవై అయిదు ఉన్నవి. మా కార్యాలయంలో ఇరవై ముగ్గురు మాత్రమే."

బావ నా వైపు తిరిగాడు. "ఇర్వై మూడేందిరా? కట్టంటే ఇర్వై అయిదే గద. చెయ్యి గాడికొస్తెనే ఆగుతది."

నిజమే. ఇరవై మూడని నేను పొద్దున్నే చెప్పాను, అందరూ విన్నారు. కానీ బీడీ కట్టంటే ఇరవై అయిదు. నలభై ఏళ్ళుగా మా ఇళ్ళల్లో ఇరవై మూడు దగ్గర ఎవరి చెయ్యీ ఆగలేదు. ఈ సంగతి ఫోన్‌కు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడుసార్లు పట్టింది. ఆయన విన్నాడు. ఇరవై మూడు పొట్లాలు సంచిలో పెట్టాడు. రెండు పొట్లాలు పేపర్ మీద మిగిలాయి. వాటినే చూస్తూ ఫోన్‌లో నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఫోన్ చదివింది, అదే వార్తల గొంతుతో.

"నా భార్య జాబితాలో ఎన్నడూ లేదు. మిగిలినచో ఆమెకు ఇచ్చెదనని అనుకొనేవాడిని. నేను లెక్క ప్రకారమే కొనేవాడిని కనుక ముప్పై సంవత్సరములలో ఒక్కటి కూడా మిగలలేదు. ఆమె గత సంవత్సరం మరణించినది. నేడు మొదటిసారి మిగిలినవి."

స్టోర్ కీపర్ స్టాంపును చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. బావ వంటగదిలోకి వెళ్ళి బిర్యానీ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి వచ్చాడు. ఇంజనీరు రెండిట్లో ఒక పొట్లం తీసి విడిగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండోది రెండు చేతులతో నాకు ఇచ్చాడు.

"మీ ఇంటికి" అంది ఫోన్.

మా ఇంటికి అనగానే నా కాగితం గుర్తొచ్చింది. ముప్పై ఒక్క పేర్లు. పర్సులోంచి తీసి చూడనక్కర్లేదు, నాకు అన్నీ కంఠస్థం. మేనత్త కోడలు ఉంది. పాలు పోసే ఆయన ఉన్నాడు. టేకేదారు ఉన్నాడు. మా ఆవిడ పేరు లేదు. ఆ ఏడాదే కాదు, ఏ ఏడాదీ లేదు. సంచి మొత్తం ఆమె చేతికే ఇస్తున్నాను కదా, ఇంకా విడిగా ఏముంటుంది అనుకునేవాణ్ణి. ఆమె చేతిలో ఏం మిగులుతుందో ఎప్పుడూ చూడలేదు. అంత మంది ముందు నాకు ఏడుపొచ్చింది. బిర్యానీ ఘాటు అని చెప్పాను.

ఆయన భోజనం చేసి, అందరికీ వంగి నమస్కారం చేసి వెళ్ళాడు. ఎయిర్‌పోర్టులో దింపాను. వారం తర్వాత ఫోన్‌కు ఒక ఫోటో పంపాడు. దేవుడి గూడులాంటి చెక్క గూడులో ఒక ఆవిడ నవ్వుతున్న చిన్న ఫోటో, దాని ముందు మా పొట్లం. స్టాంపు ముందు వైపుకు తిప్పి పెట్టాడు. కింద తెలుగులో ఒక్క మాట ఉంది, "అందినది" అని.

మూడు వారాల తర్వాత నేను ఊరికి వెళ్ళాను. ముప్పై కిలోల సంచి వాకిట్లోనే విప్పారు. మా ఆవిడ ఒళ్ళో చాటతోనే కూర్చుని పంచడం మొదలుపెట్టింది. దుప్పటి ఒకరికి, బామ్ ఇద్దరికి, సెంటు ఒకరికి. నా చొక్కా మడతలో పొట్లం దొరికింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదెవ్వలకియ్యాలె?"

"నీకే."

"నాకా?" అని, జోక్ అనుకుని నా ముఖం చూసింది. "సక్కగ చెప్పు. మీ మేనత్తకా?"

"నీకేనే. నీ ఒక్కదానికే."

నేను ఆమెకు ఇంజనీరు సంగతి చెప్పాను, ఫోటో చూపించాను. ఆమె ఫోన్ దగ్గరికి తీసుకుని ఆ ఆవిడ ముఖం చాలాసేపు చూసింది. తర్వాత నా పొట్లాన్ని రెండు వేళ్ళతో నొక్కి చూసింది.

"మూతి ఎవ్వలు ఒత్తిండ్రు?"

"నేనే."

"ఎరికైతనే ఉన్నది. దారం గూడ వదులున్నది. టేకేదారైతే పక్కకు పడేస్తుండె." మళ్ళీ ఫోటో చూసింది. "ఆమెకు గూడ గిట్లనే ఒత్తి పంపినవా?"

ఆమె చాటలోంచి దారం తీసింది. పొట్లం ముడి విప్పి, కాగితం సరిచేసి, గోటితో మూతి ఒత్తి, దారం రెండు చుట్లు తిప్పి గట్టిగా కట్టింది. అంతలో మేనత్త వచ్చి "ఏం తెచ్చిండే మీ ఆయన, నాకేది?" అంది. మా ఆవిడ ఆమెకు బామ్ సీసా ఇచ్చింది. మేనత్త పొట్లం వైపు చూసి అదేమిటని అడిగింది. "ఏం లేదు, హల్వా" అని, మా ఆవిడ దాన్ని చాటలో తునికాకుల కింద పెట్టుకుంది.